వారానికొక్క ఫ్లైట్: ఫాక్‌లాండ్ దీవుల్లో తిరిగిన రోజులు

గురువారం, బ్యూనస్ ఎయిర్స్

ఫాక్‌లాండ్స్ వెళ్ళేవాళ్ళు మామూలుగా చిలీ నుంచి వెళ్ళి మళ్ళీ చిలీకే వచ్చేస్తారు, నేను మాత్రం ముందు అర్జెంటీనా చూసే వెళ్ళాలని పట్టుబట్టా, ఎందుకంటే ఇప్పుడు బ్రిటన్ చేతిలో ఉన్న ఆ దీవులు మావంటే మావని అర్జెంటీనా, బ్రిటన్ కొట్టుకుంటున్నప్పుడు ఒకళ్ళ మాట వినకుండా రెండోవాళ్ళ దగ్గరికి వెళ్ళడం నాకు నచ్చలేదు. ఇక్కడ వాటిని ఫాక్‌లాండ్స్ అని ఎవరూ అనరు, మల్వీనాస్ అంటారు. బస్సుల్లో, గోడల మీద, ఊరి బోర్డుల మీద "మల్వీనాస్ అర్జెంటీనావే" అని రాసి ఉంటుంది. 1994 రాజ్యాంగంలోనే ఆ హక్కు రాసుకున్నారు, 1982లో దీవుల్ని పట్టుకున్న రోజని ఏప్రిల్ 2న దేశమంతా సెలవు, స్కూల్ మ్యాపుల్లో అవి టియెర్రా డెల్ ఫ్యూగో రాష్ట్రంలో భాగం.

ప్లాజా శాన్ మార్టిన్ అనే పార్కులో వాలు మీద నల్లరాతి పలకలు నిలబెట్టి ఈ దీవుల కోసం బ్రిటన్‌తో జరిగిన 1982 యుద్ధంలో చనిపోయిన 649 మంది పేర్లు చెక్కారు. సరిగ్గా దానికెదురుగా రోడ్డవతల, ఒకప్పుడు ఇక్కడ ఉన్న బ్రిటిష్ వాళ్ళు ఊరికి కానుకగా కట్టించిన గడియార స్తంభం ఉంది, యుద్ధం తర్వాత దాని పేరు మార్చేశారు గానీ పడగొట్టలేదు. అక్కడ ఒక టీచరమ్మ స్కూల్ పిల్లల్ని తీసుకొచ్చి పేర్లు చదివిస్తోంది, వరసగా ఒక్కో పిల్లాడు ఒక్కో పేరు. నేను చాలాసేపు వింటూ నిలబడ్డా. భూమి ఎవరిదన్న లెక్క ఎలా ఉన్నా ఈ పేర్ల సంగతి నిజం, ఈ బాధ నిజం, దాన్ని ఎవరూ తేలిగ్గా తీసిపారేయకూడదు.

శనివారం, పుంటా అరేనస్ మీదుగా మౌంట్ ప్లెజెంట్

శుక్రవారమంతా ప్రయాణంలోనే పోయింది, దాని గురించి చెప్పడానికేం లేదు. కానీ ఈ ఫ్లైట్ గురించి మాత్రం చెప్పాలి. బ్యూనస్ ఎయిర్స్ నుంచి డైరెక్ట్‌గా ఎగిరితే మూడు గంటల్లోపే చేరిపోయే దూరం, కానీ అలాంటి ఫ్లైట్ లేదు. శాంటియాగో నుంచి చిలీ దక్షిణ కొసన ఉన్న పుంటా అరేనస్‌కి, అక్కడి నుంచి దీవులకి, అదీ వారానికి ఒక్కసారి, శనివారం. నెలకోసారి మాత్రం అర్జెంటీనాలోని రియో గయేగోస్‌లో ఆగుతుంది, అది 1999లో రెండు ప్రభుత్వాలు కూర్చుని చేసుకున్న ఒప్పందం పుణ్యం. ఇది కాక బ్రిటన్ నుంచి వాళ్ళ ఎయిర్‌ఫోర్స్ నడిపే విమానం ఉంది, సుమారు 13,000 కిలోమీటర్లు. అంటే శనివారం దిగామంటే మళ్ళీ శనివారం దాకా మనం అక్కడే, వివాదం అంటే ఏంటో టికెట్ బుక్ చేసేటప్పుడే అర్థమైపోతుంది.

విమానం కిందికి దిగుతుంటే కిటికీలోంచి చూశా, చెట్టనేది లేదు, గోధుమరంగు గడ్డి, మధ్యమధ్యలో నల్లటి చెరువులు, ముక్కలు ముక్కలుగా చీలిన తీరం. రెండు పెద్ద దీవులు, ఈస్ట్ ఫాక్‌లాండ్, వెస్ట్ ఫాక్‌లాండ్, మధ్యలో ఫాక్‌లాండ్ సౌండ్ అనే జలసంధి, చుట్టూ ఏడు వందలకి పైగా చిన్న దీవులు, మొత్తం కలిపి 12,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన శ్రీకాకుళం, విజయనగరం పాత జిల్లాలు రెండూ కలిపితే సుమారు ఇంతే ఉంటాయి, అంత నేలలో ఉండే జనం మాత్రం సుమారు 3,600 మంది, అందులో ఎక్కువమంది స్టాన్లీ అనే ఒక్క ఊళ్ళోనే.

దిగేది మిలిటరీ ఎయిర్‌పోర్ట్‌లో, ఫోటోలు తీయనివ్వరు. యుద్ధం తర్వాత 1985లో కట్టారు, వెయ్యికి పైగా సైనిక సిబ్బంది ఎప్పుడూ ఉంటారు. అక్కడి నుంచి స్టాన్లీకి గంట రోడ్డు. వ్యాన్ దిగి నిలబడగానే గాలి తోసేసింది, టోపీ పట్టుకుని నడవాల్సొచ్చింది, ఇక్కడ అది మామూలేనట.

ఆదివారం, స్టాన్లీ

హార్బర్ వెంట ఒక పొడవాటి రోడ్డు, దాని మీద నుంచి పైకి ఎక్కే వీధులు, ఎర్రవీ పచ్చవీ రేకుల కప్పులు, ప్రతి ఇంటి ముందూ ల్యాండ్ రోవర్. చర్చి పక్కన నీలి తిమింగలాల దవడ ఎముకలతో కట్టిన కమాను ఉంది, బ్రిటిష్ పాలనకి వందేళ్ళయ్యాయని 1933లో నిలబెట్టారు. యుద్ధ స్మారకం పక్క వీధికి, యుద్ధం నాటి బ్రిటన్ ప్రధాని థాచర్ పేరే పెట్టుకున్నారు. బండ్లు ఎడమ వైపే, నోటు మీద బ్రిటిష్ రాణి బొమ్మే, కానీ నోటు ఫాక్‌లాండ్ పౌండు, విలువ మాత్రం బ్రిటిష్ పౌండుతో సమానం.

మధ్యాహ్నం హార్బర్ పడమటి చివరికి నడిచా. అక్కడ జీలం అనే చెక్క ఓడ శిథిలం ఉంది, మన జీలం నది పేరే. 1849లో లివర్‌పూల్‌లో కట్టారు, దక్షిణ అమెరికా చివరి కొస కేప్ హార్న్ దగ్గర తుఫాన్లకి దెబ్బతిని 1870 ప్రాంతంలో ఇక్కడికొచ్చి ఆగిపోయింది, ఇక కదల్లేదు. ఇప్పుడు చాలావరకు కూలిపోయింది. పనామా కాలువ లేని రోజుల్లో కేప్ హార్న్ చుట్టూ తిరిగే ఓడలకి ఈ ఊరు రిపేరు షాపు లాంటిదన్నమాట, అప్పట్లో ఈ దీవుల కోసం అందరూ ఎందుకు ఎగబడ్డారో ఆ ఓడని చూస్తే తెలుస్తుంది.

చరిత్ర ఇక్కడే చెప్పేస్తా, లేకపోతే తర్వాతి రోజులు అర్థం కావు. యూరప్ వాళ్ళు వచ్చేనాటికి ఇక్కడ స్థిరంగా ఉంటున్న జనం లేరు. 1764లో బూగన్‌విల్ అనే ఫ్రెంచి ఆయన ఈస్ట్ ఫాక్‌లాండ్‌లో పోర్ట్ లూయీ కట్టాడు, సెయింట్ మాలో ఊరి వాళ్ళు వచ్చారు కాబట్టి మాలూయిన్ అని పేరు, అదే స్పానిష్‌లో మల్వీనాస్ అయింది. మరుసటి ఏడాదే బైరన్ అనే బ్రిటిష్ నౌకాధికారి వచ్చి పడమటి వైపు సాండర్స్ దీవిని తమదన్నాడు. ఫ్రాన్స్ తన వాటా 1767లో స్పెయిన్‌కి అప్పగించింది, స్పెయిన్ 1770లో బ్రిటిష్ వాళ్ళని వెళ్ళగొట్టింది, యుద్ధం దాకా వచ్చి 1771లో మళ్ళీ రానిచ్చింది, 1774లో బ్రిటిష్ వాళ్ళు ఖర్చు భరించలేక ఇది మాదే అని ఒక పలక తగిలించి వెళ్ళిపోయారు. స్పెయిన్ 1811లో వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొత్తగా పుట్టిన అర్జెంటీనా స్పెయిన్ ఆస్తి మాకే వస్తుందని 1820లో జెండా ఎగరేసింది, 1829లో లూయిస్ వెర్నెట్‌ని ఇక్కడ అధికారిగా పెట్టింది, 1831లో అమెరికా యుద్ధనౌక వచ్చి ఆ కాలనీని చిందరవందర చేసింది, 1833 జనవరిలో బ్రిటిష్ నౌక వచ్చి అర్జెంటీనా సైనికుల్ని పంపేసి తన జెండా పెట్టింది. మా జనాన్ని తరిమేశారని అర్జెంటీనా అంటుంది, సైనికుల్నే పంపాం, జనాన్ని ఉండమన్నామని బ్రిటన్ అంటుంది. గొడవంతా ఈ ఒక్క ఏడాది చుట్టూనే తిరుగుతుంది.

సోమవారం, టంబుల్‌డౌన్ కొండ

స్టాన్లీకి పడమట కొండల వరస ఉంది, యుద్ధం చివరి రాత్రుళ్ళు ఇక్కడే జరిగాయి. నాతో వచ్చిన గైడ్ ఇక్కడే పుట్టినాయన, వాళ్ళది ఆరో తరమట, 1982లో బడికెళ్ళే వయసు. వాన, ఎండ, వడగళ్ళు అన్నీ ఒక గంటలోనే వచ్చిపోయాయి. రాళ్ళ సందుల్లో సైనికులు గాలి తగలకుండా పేర్చుకున్న చిన్న గోడలు ఇంకా అలాగే ఉన్నాయి. ఒక గోడ వెనక వంగి చూశా, లోపల ఒక మనిషి ముడుచుకుని పడుకునేంత చోటు, కింద నాచు, ఆ నాచులో ఒక బూటు అడుగు, రబ్బరు గట్టిపడి రాయిలా అయిపోయింది, సైజు చూస్తే చిన్న పాదం. గైడ్ ముట్టుకోవద్దన్నట్టు చెయ్యి ఊపాడు, నాకూ ముట్టుకోవాలనిపించలేదు.

అర్జెంటీనా పంపినవాళ్ళలో ఎక్కువమంది పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళు, నిర్బంధ సైనిక శిక్షణలో ఉన్నవాళ్ళు, చాలామంది కొరియెంటెస్, చాకో లాంటి ఉత్తరాది వేడి ప్రాంతాల వాళ్ళు. రెంటచింతల ఎండల్లో పెరిగిన పిల్లాణ్ణి సరైన బట్టలు కూడా లేకుండా ఈ కొండ మీద జూన్ నెలలో, అంటే ఇక్కడి నడి చలికాలంలో, తడి గుంటలో కూర్చోబెట్టడం లాంటిదది. అప్పటి సైనిక ప్రభుత్వం ఇంట్లో జనం తిరగబడుతుంటే దృష్టి మళ్ళించడానికి ఏప్రిల్ 2న దీవుల్ని పట్టుకుంది, జూన్ 14న ఇక్కడ లొంగిపోయింది. 74 రోజుల్లో అర్జెంటీనా వాళ్ళు 649 మంది, బ్రిటిష్ వాళ్ళు 255 మంది, దీవివాసులు ముగ్గురు పోయారు. ఆ ముగ్గురూ ఆడవాళ్ళు, స్టాన్లీలోనే ఒక ఇంట్లో, అదీ బ్రిటిష్ నేవీ షెల్లు పడి. అర్జెంటీనా వాళ్ళలో 323 మంది ఒక్క బెల్‌గ్రానో నౌకతోనే మునిగిపోయారు.

మాటల్లో ఆయన మీది ఏ ఊరని అడిగాడు. విశాఖపట్నం అని చెప్పి, మా బాబాయ్ ఇండియన్ నేవీలో విరాట్ అనే విమాన వాహక నౌక మీద పనిచేశాడని చెప్పా. అంతే, ఆయన ఆగిపోయాడు. "హెర్మీస్ మీదా?" అన్నాడు. అవును, అదే ఓడ. 1982లో బ్రిటిష్ దళాలకి ఫ్లాగ్‌షిప్‌గా హారియర్ జెట్లు మోసుకుని ఇక్కడికొచ్చిన హెర్మీస్‌నే మన దేశం 1986లో కొని, మరుసటి ఏడాది విరాట్ అని పేరు పెట్టి నేవీలో చేర్చుకుంది, 2017 దాకా నడిచింది. రిటైరయ్యాక దాన్ని వైజాగ్‌కి తెచ్చి మ్యూజియం చేస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుకొచ్చింది, కుర్సురా సబ్‌మెరైన్ పక్కన విరాట్ కూడా ఉంటుందని మా బాబాయ్ ఎంత ఆశ పెట్టుకున్నాడో. కుదర్లేదు, 2020లో గుజరాత్‌లో పాత ఓడలు విరగ్గొట్టే అలంగ్‌కి లాక్కెళ్ళి ముక్కలు చేసేశారు. అది విని గైడ్ చాలా బాధపడ్డాడు, బ్రిటన్‌లో కూడా దాన్ని కాపాడదామని కొందరు ప్రయత్నం చేశారని చెప్పాడు. ప్రపంచం ఈ కొసన ఒక మనిషి, వైజాగ్‌లో మా బాబాయ్, ఇద్దరికీ ఒకే ఓడ గురించి బెంగ.

మంగళవారం, డార్విన్, గూస్ గ్రీన్

ఈ రోజు గురించి రాయడం కష్టం. మౌంట్ ప్లెజెంట్ దాటి పడమటికి కంకర రోడ్డు మీద వెళ్తే ఈస్ట్ ఫాక్‌లాండ్ నడుం దగ్గర సన్నబడుతుంది, అక్కడే డార్విన్, గూస్ గ్రీన్ అనే రెండు చిన్న ఊళ్ళు, దానికి దిగువన లఫోనియా అనే మైదానం. స్టాన్లీ బయట ఉన్న పల్లె ప్రాంతాన్నంతా ఇక్కడ క్యాంప్ అంటారు. గూస్ గ్రీన్‌లో గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్డు, నాలుగు ఇళ్ళు, ఒక కమ్యూనిటీ హాలు. ఆ హాల్లో వందమందికి పైగా ఊరి జనాన్ని, పసిపిల్లలతో సహా, దాదాపు నెలరోజులు బంధించి ఉంచారు, మే నెలాఖరులో బ్రిటిష్ పారాచూట్ దళం వచ్చి యుద్ధం చేసేదాకా. అర్జెంటీనా పేరెత్తితే ఇక్కడి పెద్దవాళ్ళ ముఖం ఎందుకు మారిపోతుందో ఆ హాలు చూశాక నాకు అర్థమైంది.

అక్కడికి దగ్గర్లోనే అర్జెంటీనా సైనికుల శ్మశానం. తెల్ల శిలువలు, 237 సమాధులు, చుట్టూ తెల్ల కంచె, ఒక్క జెండా లేదు, జపమాలలు గాలికి శిలువలకి కొట్టుకుంటూ టకటకమని చప్పుడు. యుద్ధం అయ్యాక కొండల్లో చెల్లాచెదురుగా ఉన్న శవాల్ని ఏరుకొచ్చి 1983లో ఇక్కడ ఖననం చేయించింది జెఫ్రీ కార్డోజో అనే బ్రిటిష్ ఆఫీసరు. ఎవరు ఎక్కడ దొరికారో ప్రతి శవం గురించీ ఆయన జాగ్రత్తగా రాసిపెట్టాడు. వందకి పైగా రాళ్ళ మీద పేరు ఉండేది కాదు, "దేవుడికి మాత్రమే తెలిసిన అర్జెంటీనా సైనికుడు" అని ఉండేది. 2016లో రెండు ప్రభుత్వాలూ ఒప్పుకుంటే 2017లో రెడ్‌క్రాస్ వాళ్ళు, అర్జెంటీనా ఫోరెన్సిక్ నిపుణులు కలిసి ఆ సమాధులు తవ్వి డీఎన్‌ఏ పోల్చి చూశారు, కార్డోజో రాసిన నోట్సే వాళ్ళకి ఆధారం. ఇప్పుడు దాదాపు అందరికీ పేర్లు దొరికాయి. ముప్పై అయిదేళ్ళు కొడుకు ఏ రాయి కింద ఉన్నాడో తెలియని తల్లులు 2018 మార్చిలో విమానంలో వచ్చి ఇక్కడ నిలబడ్డారు. శత్రువు ఆఫీసరు రాసిన కాగితాలు, రెండు ప్రభుత్వాల సంతకాలు, వీటితో ఆ పని జరిగింది. ఎవరూ తమ హక్కు వదులుకోలేదు, అయినా జరిగింది కదా.

కొన్ని రాళ్ళ మీద పేర్లు చదివా, గురువారం ఆ పిల్లలు గట్టిగా చదివినట్టు చదవలేకపోయా.

బుధవారం, వాలంటీర్ పాయింట్

పెంగ్విన్ల రోజు. స్టాన్లీ నుంచి సగం దారి రోడ్డు, మిగతా సగం దారనేదే లేదు, పీట్ బురదలో ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూరుకుపోతూ లేస్తూ వెళ్ళింది. పీట్ అంటే వేల ఏళ్ళు కుళ్ళీ కుళ్ళకుండా పేరుకున్న గడ్డి మట్టి, ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. దారిలో స్టోన్ రన్ ఒకటి చూపించారు, కొండ మీద నుంచి నదిలా పారుతున్నట్టు బూడిదరంగు రాళ్ళు, కిందెక్కడో నీళ్ళ చప్పుడు. 1834లో చార్లెస్ డార్విన్ వీటిని చూసి ఎలా వచ్చాయో తేలక ఆశ్చర్యపోయాడు, మంచుయుగంలో నీరు గడ్డకట్టి కరిగి రాళ్ళు పగిలి జారడం వల్ల వచ్చాయని ఇప్పుడంటారు.

ఈ రాళ్ళ దగ్గరే నాకు బాగా ఆసక్తి కలిగించిన విషయం ఉంది. అర్జెంటీనా వాదనలో ఒకటి భూగోళం, పటగోనియా తీరానికి సుమారు 480 కిలోమీటర్లే, దక్షిణ అమెరికా ఖండం షెల్ఫ్ మీదే, అంటే సముద్రం కింద ఆ ఖండానికి కొనసాగింపుగా ఉన్న లోతు తక్కువ నేల మీదే దీవులున్నాయి, కాబట్టి మావే అని. నిజమే. కానీ రాళ్ళని చూస్తే చాలామంది జియాలజిస్టుల లెక్క ప్రకారం ఇవి దక్షిణాఫ్రికా పక్కన ఉండాల్సినవి, గోండ్వానా అనే పాత మహాఖండం విడిపోయినప్పుడు తిరిగి ఇటొచ్చాయి. గ్లాసాప్టెరిస్ అనే ఆకు శిలాజాలు ఇక్కడా దొరుకుతాయి, మన సింగరేణి బొగ్గు పొరల్లోనూ దొరుకుతాయి, అప్పుడు అంతా ఒకే నేల. దూరం కొలిచో, సముద్రం అడుగు చూసో ఎవరిదో తేల్చేయొచ్చంటే నాకు నమ్మకం కుదరదు.

చివరికి ఇసుకతీరం వచ్చింది, కింగ్ పెంగ్విన్లు, మెడ దగ్గర నారింజరంగు, నిలబడితే నా నడుం దాకా. గుడ్డుని నేల మీద పెట్టవు, పాదాల మీద పెట్టుకుని పొట్ట మడత దాని మీద కప్పుతాయి. ఒకటి నా ఎదురుగానే మడత కొంచెం పైకెత్తి ముక్కుతో గుడ్డుని తిప్పి మళ్ళీ కప్పేసింది, రెండు క్షణాల పని, ఆ లోపల చర్మం గులాబీరంగులో ఉంది. వాసన మాత్రం భరించడం కష్టం. యుద్ధంలో పాతిన మందుపాతరల మీద పెంగ్విన్లు నడిచినా పేలేవి కావు, వాటి బరువు చాలదు, అందుకని కంచె వేసిన తీరాలు ఇన్నేళ్ళూ వాటికి రక్షణ అయ్యాయి. ఆ మందుపాతరలు ఏరింది ఎక్కువగా జింబాబ్వే నుంచి వచ్చిన కార్మికులు, మోకాళ్ళ మీద కూర్చుని అంగుళం అంగుళం, 2020 నవంబర్లో పని పూర్తయింది. వాళ్ళలో కొందరు కుటుంబాలతో స్టాన్లీలోనే ఉండిపోయారు. సెయింట్ హెలెనా వాళ్ళు, చిలీ వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు కూడా ఉన్నారు, ఊరు చిన్నదే గానీ జనం రకరకాలు.

గురువారం, సాండర్స్ దీవి

ఎనిమిది తొమ్మిది మంది పట్టే ఎర్ర ఐలాండర్ విమానం, ఎక్కేముందు మనల్నీ బరువు తూస్తారు. గడ్డి మీద దిగింది. పోర్ట్ ఎగ్మాంట్, అంటే బైరన్ చూసి తమదన్న చోటు, 1766లో కట్టిన మొదటి బ్రిటిష్ స్థావరం, ఇప్పుడు మోకాలెత్తు రాతి గోడలు, మధ్యలో గొర్రెలు. రెండు సామ్రాజ్యాలు దాదాపు యుద్ధానికి దిగింది ఈ గోడల కోసమే. ఆవలి వైపు కొండ అంచున నల్ల కనుబొమ్మల ఆల్బట్రాస్‌లు మట్టి గూళ్ళ మీద కూర్చున్నాయి, ప్రపంచంలో ఉన్న ఈ జాతిలో మూడింట రెండొంతులకి పైగా ఈ దీవుల్లోనే గుడ్లు పెడతాయి. ఇక్కడ రోజంతా ఉండిపోయా.

శుక్రవారం, మళ్ళీ స్టాన్లీ

వాన. బయటికి వెళ్ళలేదు, దిగిన ఇంటివాళ్ళతో కూర్చుని మాట్లాడా. దీవులు బ్రిటన్ ఓవర్సీస్ టెరిటరీ, అంటే దేశం బయట ఉన్నా బ్రిటన్ కిందే ఉండే ప్రాంతం, ఎనిమిది మంది ఎన్నికైన సభ్యుల అసెంబ్లీ లోపలి వ్యవహారాలు చూసుకుంటుంది, రక్షణ, విదేశాంగం లండన్‌వి. 1980ల చివరి నుంచి చుట్టూ సముద్రంలో చేపల వేటకి లైసెన్సులు అమ్ముకోవడం మొదలుపెట్టారు, ముఖ్యంగా స్క్విడ్, దానితో గొర్రెల బొచ్చు మీద బతికిన ఊరు కలిగిన ఊరైంది. 2013లో బ్రిటన్‌తోనే ఉండాలా అని జనాన్ని అడుగుతూ రెఫరెండం పెడితే 1,517 మంది ఓటేశారు, బ్రిటన్‌తో ఉండొద్దన్నవాళ్ళు ముగ్గురు. వలస తెచ్చి పెట్టిన జనం ఓటు లెక్కలోకి రాదని అర్జెంటీనా అంటుంది. ఐక్యరాజ్యసమితి 1965లోనే, దీవివాసుల ప్రయోజనాలు దృష్టిలో పెట్టుకుని ఇద్దరూ చర్చించుకోండని తీర్మానం చేసింది, మన దేశం కూడా చర్చలతో తేల్చుకోమనే అంటుంది.

నా అభిప్రాయం చెప్తా. ఆరేడు తరాలుగా ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళని కాదని ఇంకెవరో తేల్చడం న్యాయం కాదు, నా వరకు ఆ ఓటుకి విలువుంది. కానీ ఆ ఇంటి పెద్దావిడ చెప్పిన ఒక మాట నన్ను ఆలోచనలో పడేసింది. 1971లో రెండు దేశాలూ హక్కుల సంగతి పక్కనపెట్టి రాకపోకల ఒప్పందం చేసుకున్నాయి, ఆ పదేళ్ళు అర్జెంటీనా విమానాలే ఈ ఊరికొచ్చేవి, జబ్బు చేస్తే బ్యూనస్ ఎయిర్స్ తీసుకెళ్ళేవాళ్ళు, పిల్లలు కొందరు అక్కడ చదువుకున్నారు. "మాకు అక్కడ స్నేహితులుండేవాళ్ళు, ఆ ఏప్రిల్‌తో అన్నీ పోయాయి" అందావిడ, కోపంగా కాదు గానీ గట్టిగానే. జెండా గొడవ ఇంకో వందేళ్ళు నడవనీ, అప్పట్లో కుదిరిన రాకపోకలు ఇప్పుడెందుకు కుదరకూడదు? కొరియెంటెస్‌లో ఉన్న తల్లి కొడుకు సమాధి చూడాలంటే నెలకోసారి ఆగే విమానం కోసం కాచుక్కూచోవడం ఏ వాదనకీ అవసరం లేదు. సమాధుల విషయంలో 2016లో సంతకాలు పెట్టినవాళ్ళు విమానాల విషయంలోనూ పెట్టొచ్చు.

శనివారం, తిరుగు ప్రయాణం

గాలి ఎక్కువై విమానం ఆలస్యమైంది, కానీ వచ్చింది. వెళ్ళాలనుకునేవాళ్ళకి: ముందు శనివారం సీటు చూసుకున్నాకే మిగతావి బుక్ చేయండి, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, డిసెంబర్, జనవరిలో చీకటి పడేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. చిన్న దీవులకి వాతావరణాన్ని బట్టే ఎగురుతారు, కాబట్టి చివరి రోజు పెట్టుకోవద్దు. వీలైతే బ్యూనస్ ఎయిర్స్ ముందు చూడండి, డార్విన్ శ్మశానానికి అప్పుడు వెళ్తే వేరుగా ఉంటుంది. దీవుల్లో జనంతో మల్వీనాస్ అనొద్దు, అర్జెంటీనాలో ఫాక్‌లాండ్స్ అనొద్దు, రెండు చోట్లా మనసు నొచ్చుకుంటారు. ఫాక్‌లాండ్ పౌండ్లు మిగిలితే బయట ఎవరూ మార్చరు, అక్కడే ఖర్చు పెట్టేసి రండి.